'చక్కెర లేదు' అన్న స్టిక్కర్ తీసేస్తున్నాను

మా క్యారెట్ ఖర్జూరం రొట్టె కొంటున్న అందరికీ నమస్కారం. ఈ సోమవారం నుంచి డబ్బా మీద స్టిక్కర్ మారుతుంది. లోపల రొట్టె కూడా కొంత మారుతుంది. ఎందుకు మారుస్తున్నానో మీకు చెప్పాలి. ఇందులో తప్పు నాది.

పోయిన నెల మన నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మా నాయన పొద్దున రెండు ముక్కలు, సాయంత్రం రెండు ముక్కలు తింటా ఉండాడు. షుగర్ మూడు వందలు దాటింది. చక్కెర లేదని మీరే కదా రాసింది?" అంది. కోపంగా కూడా అడగలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. షుగర్ పెరగడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. కానీ ఆయన నా స్టిక్కర్ చదివి, నమ్మి తిన్నాడు.

ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నా. ఒక రొట్టెకి 250 గ్రాముల గోధుమపిండి, 200 గ్రాముల ఖర్జూరం ముద్ద, 60 గ్రాముల కిస్మిస్, 200 గ్రాముల క్యారెట్ తురుము వేస్తాం. గింజ తీసిన ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే. కిస్మిస్‌ కూడా దాదాపు అంతే. క్యారెట్‌తో కలిపి లెక్కేస్తే రొట్టె మొత్తంలో సుమారు 175 గ్రాములు వచ్చింది. పది ముక్కలు కోస్తాం కాబట్టి ముక్కకి 17 గ్రాములు. టీ చెంచాతో కొలిస్తే నాలుగు చెంచాలకు పైనే. గోధుమపిండి ఒంట్లోకి వెళ్లాక గ్లూకోజ్‌గా మారేది దీనికి అదనం. ఖర్జూరంలో పీచు ఉంది, ఖనిజాలు ఉన్నాయి, పంచదార కంటే మంచిదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ 'చక్కెర లేదు' అనడం మాత్రం అబద్ధం. నేను పంచదార డబ్బా ముట్టుకోలేదన్నది నా వంటింటి సంగతి. తినేవాళ్ల ఒంటికి దాంతో పనిలేదు.

నియమం కూడా అదే చెబుతుంది. 2018లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం, పంచదారకు బదులుగా ఎండు పండ్ల ముద్ద వాడితే 'చక్కెర కలపలేదు' అని రాయకూడదు. రిజిస్ట్రేషన్ చేయించుకున్న రోజే అవి చదివి ఉండాల్సింది. చదవకుండా, నలుగురూ రాస్తున్నారు కదా అని నేనూ రాశాను.

ఇంకో మాట కూడా తీసేస్తున్నా. స్టిక్కర్ పైభాగంలో 'ఆరోగ్య రొట్టె' అని ఉండేది. నెల్లూరు వాళ్లకి ఆ మాట గురించి చెప్పక్కర్లేదు. మొహర్రం నెలలో రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తుంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు అందుకుంటారు. నా చిన్నప్పుడు మా అమ్మ ఒంట్లో బాగాలేక అక్కడ ఆరోగ్య రొట్టె అందుకుంది. తగ్గాక తిరిగి వెళ్లి ఇంకొకరికి ఇచ్చింది. అది మొక్కు, నమ్మకం. దాన్ని నేను అమ్మకానికి వాడుకోకూడదు. ఇకమీద మా రొట్టె పేరు 'కూరగాయల తీపి రొట్టె', అంతే.

ఇక రొట్టె సంగతి. ఖర్జూరం తగ్గించడం అనుకున్నంత తేలిక కాలేదు. పన్నెండు సార్లు కాల్చాను. మొదటిసారి ఖర్జూరం సగానికి తగ్గించి మిగతావన్నీ అలాగే ఉంచితే రొట్టె పొడిపొడిగా రాలిపోయింది, రంగు కూడా రాలేదు. ఖర్జూరం ముద్ద తీపి ఒక్కటే ఇవ్వదు. తడిని పట్టి ఉంచుతుంది, పైన ఎర్రగా కాలడానికీ అదే కారణం. ఆ తడి కోసం సొరకాయ తురుము వేశాను. సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే కదా, అంచులు కాలాయి గానీ మధ్యలో జావలా ఉండిపోయింది. తురుముకి చిటికెడు ఉప్పు పట్టించి, పావుగంట ఆగి, గుడ్డలో వేసి పిండితే కొంత నయమైంది. (సొరకాయ తురిమే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూస్తాం. చేదుంటే కాయ మొత్తం పారేస్తాం. చేదు సొరకాయ ప్రమాదం, మీ ఇంట్లో కూడా ఇలాగే చూసుకోండి.) చిలగడదుంపతో కూడా చేశాను, రుచి చాలా బాగుంది. కానీ అది నిదానంగా ఉడికేటప్పుడు అందులోని పిండిపదార్థం మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది, అంటే తిరిగి మొదటికే వచ్చినట్టు. చివరికి కుదిరింది తీపి గుమ్మడికాయతో. ఆవిరి మీద ఉడికించి, మెదిపి, నీరు ఓడ్చి వేస్తే రొట్టె మెత్తగా ఉంది, ముక్క విరగకుండా కోతకొచ్చింది.

మనది ఈస్ట్ వేసి పొంగించే బ్రెడ్ కాదు. వంటసోడాకి పెరుగు, పొదలకూరు నిమ్మరసం పులుపు తగిలి గాలి బుడగలు పుడతాయి. కలిపిన వెంటనే ఓవెన్‌లోకి వెళ్లాలి, పిండిని ఎక్కువ తిప్పకూడదు. ఎక్కువ తిప్పితే సాగి గట్టిపడుతుంది. మా తోడికోడలు తురుము పని, నేను కలిపే పని. కలిపాక కరెంటు పోతే ఆ పిండి ఇక పనికిరాదు. ముందు 180 డిగ్రీల్లో కాల్చేవాళ్లం, పైన నల్లబడేది. ఇప్పుడు 165లో దాదాపు గంట కాలుస్తున్నాం. మధ్యలో గుచ్చే థర్మామీటర్ 97 చూపిస్తేనే బయటికి తీస్తున్నాం.

కొత్త లెక్క ఇది: ఖర్జూరం 120 గ్రాములు, కిస్మిస్ 30. ముక్కకి చక్కెర 11 గ్రాముల దగ్గర. తగ్గింది, లేకుండా పోలేదు. స్టిక్కర్ మీద ముక్కకి ఎంతో అంకెతో సహా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు దయచేసి డాక్టర్‌ని అడిగి తినండి. 'పెద్దవాళ్లకి ఇవ్వొచ్చా' అని నన్ను అడిగితే ఇక 'నిశ్చింతగా ఇవ్వండి' అనే మాట నా నోటి నుంచి రాదు.

బూజు గురించి మూడు ఫిర్యాదులు వచ్చాయి. రెండు నిజమైన బూజే. ఆర్డర్లు ఎక్కువైన రోజు పూర్తిగా చల్లారకముందే కవర్ చుట్టాను, లోపల ఆవిరి నీరయింది, మన ఉక్కకి ఇంకేం కావాలి. ఇప్పుడు జాలీ మీద నాలుగు గంటలు ఆరనిచ్చాకే ప్యాక్ చేస్తున్నాం. మూడోది బూజు కాదు. పొద్దుతిరుగుడు గింజల్లో ఉండే ఒక పదార్థం సోడా తగిలితే ఆకుపచ్చగా మారుతుంది, తిన్నా ఏమీ కాదు. కానీ డబ్బా తెరిచి ఆకుపచ్చ మచ్చలు చూసినవాళ్లకి ఎంత టెన్షనో నాకు అర్థమైంది. ఆ గింజలు మానేసి గుమ్మడి గింజలు వేస్తున్నాను.

తీపి తగ్గింది కాబట్టి ఇదివరకు అంత నిలవ ఉండదు. బయట ఒక్క రోజు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. అంతకు మించి పెట్టొద్దు. ధర 280 నుంచి 260 చేశాను.

పాత స్టిక్కర్ చూసి షుగర్ ఉన్నవాళ్ల కోసం కొన్నవాళ్లు ఎవరైనా సరే, డబ్బా ఉన్నా లేకపోయినా చెప్పండి, డబ్బు తిరిగి ఇస్తాను. ఫోన్ చేసిన ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లి వాళ్ల నాయనతో మాట్లాడి వచ్చాను. ఈ వారం మంగళ, శుక్రవారాలు మాత్రమే కాలుస్తున్నాం, రోజుకి పద్నాలుగు రొట్టెలు. కావాల్సినవాళ్లు ముందురోజు సాయంత్రం ఆరు లోపు చెప్పండి.