ఉపవాసం మొదలెట్టే ముందు ఇది చదువమ్మా

చిట్టితల్లీ,

వచ్చే వారం నుంచి ఐదు రోజులు నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టనన్నావు. వేలికి గుండె వేగం చూపించే స్మార్ట్ ఉంగరం, జబ్బకు గ్లూకోజ్ సెన్సర్ ఉంటాయి కాబట్టి టెన్షన్ పడొద్దన్నావు. ఆ అంకెలు నా ఫోన్‌లోనూ కనపడేలా పెట్టావు, మంచి పని చేశావు. "వద్దని రాయండి" అని మీ అమ్మ ఒకటే పోరు. నేను వద్దని రాయను, నువ్వు చిన్నపిల్లవి కావు. కాకపోతే ఉద్యోగమంతా రక్తపరీక్షల ల్యాబ్‌లో చేసినవాణ్ణి కదా, ఏ మిషన్ మాట ఎంతవరకు నమ్మొచ్చో చూడకుండా ఉండలేను.

అన్నిటికంటే ముందు నీ మైగ్రేన్ మాత్ర సంగతి. నువ్వు రోజూ వేసుకునే ప్రొప్రనలాల్ ఒక బీటా బ్లాకర్. గుండె వేగాన్ని అది అదుపులో ఉంచుతుంది. రక్తంలో చక్కెర బాగా పడిపోతే మామూలుగా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఆ మాత్ర ఈ రెండింటినీ అణిచేస్తుంది. పైగా కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చక్కెర పడిపోయే ప్రమాదాన్ని కొంత పెంచుతుంది కూడా. అంటే నువ్వు సోలిపోతున్నా ఉంగరంలో గుండె వేగం 64 అని బుద్ధిగా కనిపించవచ్చు. చెమట మాత్రం ఆ మాత్ర వేసుకున్నా పడుతుంది. ఉన్నట్టుండి చల్లటి చెమట పట్టిందంటే యాప్ ఏం చెప్పినా సరే, వెంటనే చక్కెర చూసుకో. అలాగని ఉపవాసం కోసం మాత్ర నీ అంతట నువ్వే ఆపెయ్యకు. హఠాత్తుగా మానేస్తే గుండెకు మంచిది కాదు. అసలు తిండి వేళ తప్పితేనే చాలామందికి మైగ్రేన్ వస్తుంది, అది నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాత్ర రాసిన డాక్టర్‌ని అడిగాకే మిగతావన్నీ.

ఆయన సరేనన్నా వచ్చే వారం మొదలెట్టకు. ముందు ఒక నెల మామూలుగా తిని, మామూలుగా పడుకుని, ఉంగరం పెట్టుకుని ఉండు. నీ హెచ్ఆర్‌వీ, అంటే ఒక గుండె చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య వ్యవధిలో వచ్చే తేడా, ఇంకొకరి హెచ్ఆర్‌వీతో పోల్చి లాభం లేదు. ఒకరికి 30 మామూలు, ఇంకొకరికి 90 మామూలు. నెల ఎందుకంటే, అండం విడుదలయ్యాక నెలసరి వచ్చేవరకూ ఒంటి వేడి, గుండె వేగం రెండూ కొంచెం పెరిగి ఉంటాయి. అది ముందే చూసి పెట్టుకోకపోతే ఆ తేడా ఉపవాసం ఖాతాలో రాసేస్తావు.

మొదటి రోజు కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ, గ్లైకోజెన్, ఖర్చవుతుంది. అది దాదాపు 100 గ్రాములే. ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు బయటికి పోతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు ఉప్పును వదిలేస్తాయి, దానితో ఇంకొంచెం నీరు. మొదటి రెండు రోజుల్లో బరువు అంతలా తగ్గేది అందుకే. యాప్ బాణసంచా కాలుస్తుంది, నువ్వు మాత్రం కొవ్వు కరిగిందనుకోకు. ఆ తర్వాత కాలేయం కొవ్వు నుంచి కీటోన్లనే ఇంధనం తయారు చేస్తుంది, మెదడు వాటికి అలవాటు పడుతుంది. మెదడు గ్లూకోజ్ మీదే బతుకుతుందని అందరూ అనుకునే రోజుల్లో, 1960లలో, హార్వర్డ్‌లో జార్జ్ కేహిల్ బృందం వారాల తరబడి ఉపవాసం ఉన్నవాళ్లను పరీక్షించి ఈ సంగతి తేల్చింది.

ఆ దశలో నీ సెన్సర్ 60, 70 మధ్య తిరుగుతుంటే కంగారు పడకు. 70 దగ్గర అలారం పెట్టావంటే రాత్రంతా నిద్ర ఉండదు. ఆ సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. కొన్ని నిమిషాలు వెనకబడే ఉంటుంది. ఆ చెయ్యి మీదే ఒత్తిగిలి పడుకుంటే లేని పతనం చూపిస్తుంది. లేచి కూర్చో, వేలికి సూది గుచ్చి స్ట్రిప్ మీద చూడు. అందులోనూ 54 కంటే తక్కువ వస్తే అక్కడితో ఆపెయ్. మాట తడబడినా, తికమకగా ఉన్నా అంకె కోసం ఆగకు. ఇంకొకటి, సూది లేకుండా ఉంగరమే చక్కెర కొలుస్తుందని ఎవరైనా అమ్మజూపితే కొనకు. అలాంటి వాచీలు, ఉంగరాలు వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది.

యాప్ చూపించే క్యాలరీల లెక్క వదిలెయ్. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు పరికరాలు పరీక్షిస్తే, గుండె వేగంలో ఆరు బాగానే ఉన్నాయి గానీ క్యాలరీల్లో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. "ఆటోఫజీ మొదలైంది", అంటే కణాలు తమలోని పాత భాగాలను తామే అరగించుకుంటున్నాయి, అనే బొమ్మ సంగతీ అంతే. దాని మీద జపాన్ శాస్త్రవేత్త ఓసుమికి 2016లో నోబెల్ తెచ్చిన పని ఈస్ట్ కణాల్లో చేసింది. నీ వేలి మీద దాన్ని కొలిచే సాధనం ఏదీ లేదు, యాప్ గంటలు లెక్కేసి బొమ్మ వేస్తుందంతే.

నాకు భయమున్నది పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ దగ్గర. ల్యాబ్‌లో రక్తం గొట్టంలో మా చేతిలోనే ఉన్నా పొటాషియం తప్పొచ్చేది. తీసేటప్పుడు కణాలు చితికితే, పైన పసుపుగా తేలాల్సిన సీరం ఎర్రబారుతుంది, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆ శాంపిల్ పారబోసి మళ్లీ తీయించేవాళ్లం. చర్మం మీద వెలుగు వేసి చూసే ఉంగరానికి ఇవేవీ అందవు. మొదలెట్టే ముందు ఒకసారి, మూడో రోజు ఒకసారి ఎలక్ట్రోలైట్లు, ఫాస్ఫేట్, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ చేయించు. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకో, లేచి నిలబడి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడు. పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరిగినా ఉప్పూ నీరూ తగ్గాయని అర్థం. నీ మాత్ర వల్ల నాడి చెప్పాల్సింది చెప్పకపోవచ్చు, అందుకే బీపీ మిషన్ అంటున్నాను.

అంగస్ బార్బియెరీ 382 రోజులు ఏమీ తినకుండా ఉన్నాడని నాకో వీడియో పంపావు. నిజమే, 1965–66లో స్కాట్లండ్‌లో. ఆయన మొదట్లో 207 కిలోలు ఉన్నాడనీ, డాక్టర్లు పరీక్షలు చేస్తూ విటమిన్లు, అవసరమైనప్పుడు పొటాషియం ఇచ్చారనీ ఆ వీడియోలో లేదు.

ముగించే రోజు ఇంకా జాగ్రత్త. తిండి పడగానే ఇన్సులిన్ పెరిగి ఫాస్ఫేట్‌నీ పొటాషియంనీ కణాల్లోకి లాగేస్తుంది, రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చెర నుంచి బయటపడ్డ ఖైదీల్లో కొందరు తిండి దొరికాకే చనిపోయారు. ఐదు రోజులు దాటి దాదాపు ఏమీ తినని రోగులకు మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించి ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే సంస్థ నైస్ మార్గదర్శకాలు చెబుతాయి. నువ్వు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగుతానంటున్నావు. నన్నడిగితే మొదటిసారికి రెండు రోజులు చాలు. ఎన్నాళ్లున్నా తినడం మొదలెట్టాక ఉంగరం తీసి పక్కన పడెయ్యకు, ఆ రోజుల అంకెలే నేను ఎక్కువ చూస్తాను.

డాక్టర్ అపాయింట్‌మెంట్ ఏ రోజు దొరికిందో మెసేజ్ పెట్టు. మాత్ర డోసు రాసున్న చీటీ ఫోటో కూడా పంపు.

నాన్న