మూడేళ్లు దాటింది కదా సార్ అన్నాను, అది తప్పు

మా దగ్గర ఇల్లు కొన్నవాళ్లకూ, కొందామని చూస్తున్నవాళ్లకూ ఇంటి వారంటీ గురించి రాస్తున్నాను. కర్నూలులో, కల్లూరు వైపు ఏడాదికి మూడు నాలుగు ఇళ్లు కట్టి అమ్మే చిన్న బిల్డర్‌ని నేను.

పోయిన వానాకాలంలో మా దగ్గర ఇల్లు కొన్న ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. పై పోర్షన్ బాత్రూం నీళ్లు కింద హాల్ సీలింగ్‌లోకి దిగుతున్నాయట, పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడుతోందట. "మూడేళ్లు దాటింది కదా సార్" అన్నాను. "ఏం నాయనా, మూడేళ్లకే ముసలిదైపోయిందా నువ్వు కట్టిన ఇల్లు?" అన్నారాయన. రెండు రోజులు మొహం చాటేసి మూడో రోజు వెళ్లాను. టైల్స్ పగలగొట్టి చూస్తే నేలలోంచి పైపు కిందికి దిగేచోట దాని చుట్టూ వాటర్ ప్రూఫింగ్ సరిగా లేక నీళ్లు కారుతున్నాయి. వాటర్ ప్రూఫింగ్ చేశాక డ్రెయిన్ మూసి, నీళ్లు నింపి, కనీసం 24 గంటలు కింద చెమ్మ వస్తుందేమో చూడాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని అప్పట్లో ఆ పని ఎగ్గొట్టాను. మేస్త్రీని తిట్టి లాభం లేదు, సరేనన్నది నేనే.

ఆ రాత్రి ఆయన అగ్రిమెంట్ తీసి చదివాను. వారంటీ గురించి ఒక్క లైను లేదు. రిజిస్ట్రేషన్ రోజు "నేనున్నాను కదా సార్" అన్నాను, అంతే.

చట్టం సంగతి నాకు పూర్తిగా తెలిసింది ఆ తర్వాతే. ఇళ్లు, ఫ్లాట్ల అమ్మకాలకు సంబంధించిన 2016 రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణంలో లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో లోపం గానీ కొన్నవాళ్లు చూపిస్తే, బిల్డర్ పైసా తీసుకోకుండా 30 రోజుల్లో బాగుచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. ఇది పిల్లర్లకూ స్లాబ్‌కూ మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు, పనితనం అంటే బాత్రూం లీకేజీ కూడా వస్తుంది. లెక్క మొదలయ్యేది తాళాలు ఇచ్చిన రోజు నుంచి కాబట్టి, ఆ తేదీ రాసిన కాగితం మీద బిల్డర్ సంతకం తీసుకోండి.

అయితే స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన లెక్కలో 500 మీటర్లంటే 12 సెంట్ల పైచిలుకు. నేను కట్టేవన్నీ నాలుగైదు సెంట్లలోవే. అందుకే మాలాంటివాళ్లం అగ్రిమెంట్‌లో వారంటీ ఏడాది అని రాస్తాం, లేదా ఏమీ రాయం. అలాగని కొన్నవాళ్లకు దారి లేదని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇళ్ల నిర్మాణం సేవల కిందికి వస్తుంది, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన 2 ఏళ్లలోపు వెళ్లాలి. కానీ అక్కడ మీ చేతిలో కాగితం ఉండటం వేరు, "నేనున్నాను కదా" అన్న నా మాట ఉండటం వేరు.

అందుకే ఇక నుంచి ప్రతి ఇంటికీ రాతపూర్వకంగా 5 ఏళ్ల వారంటీ ఇస్తున్నాను. పిల్లర్లు, బీములు, స్లాబ్, గోడల లోపలి పైపులు, వైరింగ్, వాటర్ ప్రూఫింగ్ అన్నీ అందులో ఉంటాయి. మోటార్, ట్యాప్‌లు, స్విచ్‌ల వారంటీ కంపెనీలది, ఆ బిల్లులూ కార్డులూ ఒక ఫైల్‌లో పెట్టి తాళాలతో పాటు ఇస్తాను. ఇన్నాళ్లూ అవి మా షెడ్డులో సిమెంటు సంచుల కింద పడి ఉండేవి.

పగుళ్ల గురించి మాత్రం ముందే మాట్లాడుకుందాం. మన చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నోళ్లు తెరుస్తుంది. పునాది లోతుగా వేసి, మంచి మట్టి నింపి, ఇంటి చుట్టూ గచ్చు వేయడం నా పని. ఆ గచ్చు పగలగొట్టి గోడ పక్కన చెట్టు పెట్టినా, సంపు కారుతున్నా పట్టించుకోకపోయినా వచ్చే పగులు నాది కాదు. నన్ను అడగకుండా పైన ఇంకో అంతస్తు వేసుకున్నా అంతే. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి గీతలు మామూలే, మొదటి ఎండాకాలం అయ్యాక ఒకసారి వచ్చి పూడ్చి రంగు వేస్తాను. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వచ్చిందా, ఫోన్ చేయండి. దాని మీద పల్చని గాజు ముక్క అడ్డంగా అతికించి వెళ్తాను. గాజు విరిగితే పగులు ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు పైన పూత పూసి పంపించను, పునాది చూపించడానికి ఇంజనీరును తీసుకొస్తాను.

దీనివల్ల కొత్త ఇళ్ల మీద చదరపు అడుగుకు 40 రూపాయలు పెంచాను. వారంటీ వద్దు, పాత రేటుకే ఇవ్వమని ఇప్పటికే ఇద్దరు అడిగారు. ఇవ్వను. గత 5 ఏళ్లలో తాళాలు తీసుకున్న పాతవాళ్లకు కూడా అదే కాగితం ఇస్తాను, పైసా అక్కర్లేదు. కానీ అందరి పనీ ఒకేసారి పెట్టుకునే శక్తి నాకు లేదు. ముందు బాత్రూం లీకేజీలు, అదీ వానలు పడకముందే. రంగులు, తలుపులు తర్వాత.

మొదటి కాగితం మాస్టారికే ఇచ్చాను. ఎర్ర పెన్నుతో రెండు అక్షరదోషాలు దిద్ది, "నువ్వు దుకాణం కట్టేస్తే ఎవర్ని అడగాలి?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి ఆలోచించి, ఇక మీద అమ్మే ప్రతి ఇంటికీ లక్ష రూపాయలు బ్యాంకులో విడిగా డిపాజిట్ వేస్తానని, 5 ఏళ్ల దాకా ముట్టుకోనని కాగితంలో చేర్చాను. నాతో పాటు మా తమ్ముడు కూడా బాధ్యుడని సంతకం పెట్టాలి. వాడు ఇంకా పెట్టలేదు, చదువుతున్నానంటున్నాడు. పెట్టగానే మీకు తెలియజేస్తాను.