మరమ్మతుకూ మార్పుకూ మధ్య గీత ఎక్కడో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారములు.

పాత వాహనాలను తుక్కుకు తరలించే విధానం మీద మీ పత్రికలో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. పొగ చిమ్ముతూ, బ్రేకులు పట్టక, ఎదుటివారి ప్రాణాలకు ముప్పుగా తిరిగే బండ్లను రోడ్డు మీద నుంచి తొలగించాలన్న విషయంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే విడిభాగాలు దొరకని పాత కార్లకు స్థానిక పనివారి చేత భాగాలు చేయించుకొని, కొలత తప్పకుండా వాటిని నిలబెట్టుకుంటున్న మాలాంటివారి మాట, ఆ భాగాలు చేసి ఇచ్చే మేస్త్రీల మాట ఈ చర్చలో ఎక్కడా వినబడటం లేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 కారు ఇప్పటికీ మా వాకిట్లో ఉంది. వారానికి రెండు మూడుసార్లు రోడ్డెక్కుతుంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును నమూనాగా తీసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర నుంచి 2014 మే వరకు అంబాసిడర్‌ను తయారు చేశారు. ఇటీవలి దాకా తయారైన బండి కదా, భాగాలకేం కొరత అని చాలామంది అనుకుంటారు. పైరూపం పెద్దగా మారకపోయినా లోపలి సరంజామా చాలా మారింది. 1990లలో ఇసుజు ఇంజను వచ్చింది. మా బండిలో ఉన్నది అంతకు ముందటి 1489 సీసీ పాత పెట్రోలు ఇంజను. దానికీ, ఆనాటి తలుపులకూ, మీటరు పలకకూ సరిపడే భాగాలు కావాలంటే కొల్‌కతాలోని మల్లిక్ బజార్‌లో పాత బండ్ల నుంచి విప్పిన సామాను వెతుక్కోవాలి. అక్కడ దొరికేది కూడా మన భాగం అరిగినంతగా అరిగినదే అయితే, తెచ్చి ప్రయోజనం ఏముంటుంది?

చేతిపని అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. మూడేళ్ల కిందట మా బండి నిలిపి ఉంచినప్పుడు ఇంజను నిలకడగా తిరగకుండా, దగ్గు పట్టిన మనిషిలా కొట్టుకోసాగింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ మరలు ఎన్నిసార్లు సరిచేసినా రెండు రోజులకు మళ్లీ అదే వరస. చివరికి సరిహద్దు దాటి, ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న ఒక లేత్ మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ఎస్‌యూ రకం కార్బురేటర్‌ను విప్పి, గాలి దారిని మూసే పళ్లానికి ఇరుసుగా ఉండే ఇత్తడి కడ్డీని రెండు వేళ్లతో పట్టుకొని పైకీ కిందకీ కదిపి చూపించారు. కడ్డీ అరిగింది, అది తిరిగే రంధ్రం కోలగా సాగింది. "మాస్టారూ, వెంట్రుక దూరినంత సందు చాలండి, అందులోంచి గాలి పీల్చుకొని ఇంజను ఊపిరి తప్పేస్తాది" అన్నారు. ఆయన ఆ రంధ్రాన్ని గుండ్రంగా పెద్దది చేసి లోపల ఇత్తడి బుష్షు, అంటే గొట్టంలాంటి తొడుగు, దిగ్గొట్టారు. కొత్త ఇత్తడి కడ్డీని లేత్ మీద తిప్పి, మధ్యలో పళ్లెం కూర్చునే సన్నని చీలిక కోశారు. పళ్లాన్ని బిగించిన రెండు చిన్న మరల చివరలు చీలి ఉంటాయి. వాటిని విప్పార్చకపోతే మర ఊడి నేరుగా ఇంజనులోకి పోతుందని చెబుతూ, ఆ చివరలను ఎడంచేసి, భూతద్దం పెట్టి మరోసారి చూసుకున్న తరువాతనే కార్బురేటర్ నా చేతికిచ్చారు. పొద్దున మొదలుపెట్టిన పని దీపాలు పెట్టే వేళకు ముగిసింది. ఆనాటి నుంచి ఇంజను గడియారంలా నడుస్తోంది. పెట్రోలు వాసన పోయింది. పొగ పరీక్షలోనూ బండి సులువుగా గట్టెక్కుతోంది.

ఈ పనిలో మారినదేమీ లేదు. కర్మాగారంవారు ఏ లోహంతో, ఏ కొలతతో చేశారో అదే లోహంతో, అదే కొలతతో ఒక భాగాన్ని మళ్లీ చేశారు. దీన్ని మరమ్మతు అనక మరేమంటాం?

ఇక సొంత ఇష్టం కొద్దీ చేయించుకున్నదీ ఒకటి ఉంది, దాచను. మా బండికి గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. దాని చివరి ప్లాస్టిక్ గుబ్బ ఎండకు బీటలు వారి చేతికి గీసుకునేది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరని మీ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. పశువుల కొమ్మును వేడికి మెత్తబరిచి కొంగలు, చేపలు, దువ్వెనలు చేసే ఆ ఇళ్లలో ఒక పెద్దాయన మా గేరు కడ్డీకి నల్లని కొమ్ముతో గుబ్బ చేసి ఇచ్చారు. కొమ్ములోనే మర కోస్తే కొన్నాళ్లకు వదులవుతుందని, లోపల ఇత్తడి నట్టు పొదిగించారు. వెలుతురు పక్కగా పడితే ఆ నలుపులో తేనె రంగు చార ఒకటి కనబడుతుంది. మా నాన్నగారు ఉండి ఉంటే దాన్ని ఒకసారి అరచేతిలో పట్టుకొని చూసేవారు. దాన్ని తీసి మళ్లీ పాత గుబ్బ బిగించడానికి రెండు నిమిషాలు చాలు. బండి నడకకు గానీ, భద్రతకు గానీ దానితో ఏ సంబంధమూ లేదు. ఈ ప్రాంతపు పనితనం ఈ ప్రాంతపు కారులో ఒక మూల కూర్చోవడం తప్పు కాదనే నా విశ్వాసం.

నిరుడు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ముందు ఒక కార్యాలయంలో బండిని చూపించినప్పుడు అసలు చిక్కు ఎదురైంది. కార్యాలయం పేరు అవసరం లేదు. అక్కడివారు నాతో అమర్యాదగా ప్రవర్తించనూ లేదు. బండి కింద నేల రేకులు కొత్తగా కనబడేసరికి "కంపెనీ బిల్లు ఏది?" అని అడిగారు. చేత్తో చేసిన రేకుకు కంపెనీ బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? రేకు మేస్త్రి తెలుగులో రాసిచ్చిన చీటీ చూపించాను. ఒడియా చదివే అధికారికి అది అక్కరకు రాలేదు. ఇది మరమ్మతా, మార్పా అన్నది పైవారిని అడిగి చెప్పాలన్నారు. ఆ సమాధానం కోసం నాలుగుసార్లు తిరిగాను.

ఆ రేకుల సంగతి కాస్త వివరించాలి. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. ఒంటి మొత్తమే బరువు మోస్తుంది. తలుపుల కింది అంచులూ, నేల రేకులూ తుప్పు పట్టి సన్నబడితే బండికి నడుం విరిగినట్టే. సముద్రపు గాలి, ఏటా ముంచెత్తే తుపాను వానలు కలిసే మా ప్రాంతంలో ఈ తుప్పు ఎంత వేగంగా తింటుందో బరంపురం నుంచి పలాస దాకా ఏ టింకరింగ్ మేస్త్రిని అడిగినా చెబుతాడు. దానిపై లప్పం రాసి రంగు కొట్టేవారు చాలామంది ఉన్నారు. అధికారులు పట్టుకోవలసింది వారిని. మా మేస్త్రి మాత్రం తుప్పు తిన్నంత మేరా కోసేసి, మిగిలిన మంచి రేకు మీద కాగితం పెట్టి అచ్చు తీసి, ఆ అచ్చుకు కొత్త రేకు కత్తిరించి, గుంట తీసిన చింతమొద్దు మీద కొయ్యసుత్తితో కొట్టి వంపు తెచ్చారు. బిగింపు కోసం రేకులో పాత కాలంవారు పెట్టిన పొడుగు గాడులను కూడా లెక్క తప్పకుండా మళ్లీ తెచ్చారు. అతుకు పెట్టే ముందు నాలుగు తలుపులూ వేసి తీసి, సందులు సమంగా ఉన్నాయో లేదో చూశారు. కొత్త రేకు కనబడిందని ఈ బండిని అనుమానించి, లప్పం కింద తుప్పు దాచిన బండిని వదిలేస్తే పరీక్ష ఉద్దేశమే నెరవేరదు.

చట్టం ఏమంటోందో నేనూ చదివాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ఇవన్నీ అవసరమే. పైకప్పు కోసేసేవారు, చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు పెట్టేవారు, పాత ఒంటికి మోయలేని ఇంజను తగిలించేవారు శిక్షార్హులే. కానీ అదే సెక్షన్ చివర ఉన్న వివరణలో, మార్పు అంటే వాహనపు మౌలిక స్వరూపం మారేలా దాని నిర్మాణంలో చేసే మార్పు అని స్పష్టంగా ఉంది. ఉన్న నిర్మాణాన్ని ఉన్నట్టే తిరిగి నిలబెట్టడం ఆ నిర్వచనంలోకి ఎలా వస్తుంది?

2021 జూలైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు చెల్లే ఆ రిజిస్ట్రేషన్‌ను నేను స్వాగతిస్తున్నాను. కానీ ఆ బండ్లను ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజువారీగా నడపకూడదు. అంతేకాక ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పేదీ జరిగి ఉండకూడదు. తుప్పు తిన్న నేల రేకును తిరిగి చేయించుకుంటే అది బాడీలో మార్పవుతుందా, కాదా? మా ఊళ్లో అడిగినవారెవరికీ దీనికి ఒకే జవాబు రాలేదు. నాకు మా బండిని అద్దాల గదిలో బొమ్మలా ఉంచాలని లేదు. అందుకే ఐదేళ్లకోసారి చేసే మామూలు పునరుద్ధరణే కోరుకుంటున్నాను. 2022 ఏప్రిల్‌లో కార్ల పునరుద్ధరణ రుసుమును 600 నుంచి 5000 రూపాయలకు పెంచినప్పుడు కూడా మాలాంటివారు మారుమాటాడకుండా కట్టారు. రుసుముతో పాటు స్పష్టత కూడా ఇవ్వమని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

చేతిపని మీద ఇంత మమకారం ఉన్న నేనే ఒక గీత గీసుకున్నాను; దాని వెనుక ఒక చేదు అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులు అసలువి దొరక్క, ఎవరో లోకల్‌గా పోత పోసినవి వేయించాను. ఆర్.ఉదయగిరి వైపు ఘాట్ దిగుతుండగా బ్రేకు పెడల్ మెత్తబడి, కాలి కింద నేల దాకా దిగిపోయింది. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, కొండవైపు మట్టి గట్టుకు ఆనించి ఆపగలిగాను. వెనుక సీట్లో నా భార్య, మా అమ్మాయి ఉన్నారు. విప్పి చూస్తే బ్రేకు ఆయిలు తగిలి ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, రూపం మారిపోయింది. ఆనాటి నుంచి బ్రేకులు, స్టీరింగు జాయింట్ల విషయంలో ధ్రువీకరణ ఉన్న భాగాలు తప్ప మరేవీ వాడను. అవి దొరికేదాకా బండిని కదిలించను. తోటి పాత కార్ల యజమానులకు కూడా ఇదే విన్నవిస్తున్నాను. రేకు, బుష్షు, తలుపు పిడి, మీటరు చట్రం, సీటు, చెక్క పలక మన మేస్త్రీల చేత చేయించుకోండి. బండిని ఆపే భాగాలతో ప్రయోగాలు వద్దు.

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలవారు సరిహద్దు జిల్లాల పరిస్థితిని దృష్టిలో ఉంచుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇక్కడ బండి ఒక రాష్ట్రానిది, దాన్ని బాగుచేసే చేయి మరో రాష్ట్రానిది, బిల్లు భాష ఇంకొకటి. కనుక చేత్తో చేసిన భాగానికి కంపెనీ బిల్లు అడిగే బదులు, ఒక పని వివరాల పత్రాన్ని అంగీకరించవచ్చు. పాత భాగం ఫొటో, కొత్త భాగం ఫొటో, వాడిన లోహం, కొలతలు, చేసిన మేస్త్రి సంతకం అందులో ఉంటే చాలు. దాన్ని చూసి, బండిని జాకీ మీద లేపి, సుత్తితో తట్టి పరీక్షించి ఆ తరువాతే నిర్ణయించమనండి. ఎంత కఠినమైన పరీక్షకైనా మేము సిద్ధమే. ఐటీఐలలో టర్నర్, ఫిట్టర్, షీట్ మెటల్ కోర్సులు ఉండనే ఉన్నాయి; నైపుణ్య శిక్షణకు పేరున్న సెంచూరియన్ విశ్వవిద్యాలయం మా పర్లాకిమిడి పక్కనే ఉంది. అక్కడి పిల్లలను నెలకు రెండు రోజులైనా ఈ మేస్త్రీల దగ్గర కూర్చోబెడితే బాగుంటుంది. మా రేకు మేస్త్రికి డెబ్బై ఏళ్లు దాటాయి. ఆయన కొడుకులిద్దరూ సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లారు. చింతమొద్దు పక్కన కూర్చునే శిష్యుడు ఇప్పుడు ఎవరూ లేరు.

నా వంతుగా మా బండికి చేయించిన ప్రతి పని వివరాన్నీ ఒక నోటుపుస్తకంలో తెలుగు, ఒడియా రెండింటిలోనూ రాసి ఉంచాను. కార్బురేటర్ నుంచి తీసిన పాత ఇత్తడి కడ్డీనీ, నేల రేకు కాగితపు అచ్చులనూ భద్రపరిచాను. ఈసారి పరీక్షకు పిలిచినప్పుడు బండితో పాటు వాటిని కూడా అధికారుల ముందు పెడతాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.