యాపిలా, ఆరెంజా అని అడిగితే అది ఓఆర్‌ఎస్ కాకపోవచ్చు

సంపాదకులకు నమస్కారం.

వాంతులు, విరేచనాలప్పుడు ఒంట్లోంచి పోయే నీటిని, లవణాలను భర్తీ చేయడానికి నీటిలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజుల పొడి ఓఆర్‌ఎస్. ఆ పేరును పండ్లరసాల వంటి తీపి పానీయాల పెట్టెలపై వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించినప్పుడు పత్రికలన్నీ ఆ వార్తను ప్రముఖంగానే ప్రచురించాయి. నాలుగు రోజులు చర్చ నడిచి సద్దుమణిగింది. ఆ ఆదేశంతో సమస్య తీరిపోయిందని మా చుట్టుపక్కల చాలామంది అనుకుంటున్నారు. పెట్టె మీది పేరు చూసి మోసపోయినవారిలో నేనూ ఒకదాన్ని కనుక, తీరనిది ఏమిటో తోటి పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ఆదేశం రావడానికి ముందటి ఒక వేసవిలో మా ఇంటికి వచ్చిన రెండేళ్ల మనవరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రి ఏడు దాటాక వీధి చివర మందుల దుకాణానికి వెళ్లి ఓఆర్‌ఎస్ ఇమ్మంటే, అక్కడి కుర్రవాడు తల ఎత్తకుండానే “యాపిలా, ఆరెంజా అమ్మా?” అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు సామాన్యశాస్త్రం బోధించిన నాకు, మందులో రుచుల ఎంపిక ఏమిటన్న అనుమానం ఆ క్షణంలో రాకపోయినందుకు ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది. ఒక్కొక్కటి 35 రూపాయల చొప్పున నాలుగు పెట్టెలు తెచ్చాను. తియ్యగా ఉంది కాబట్టి పిల్ల మారాం చేయకుండా తాగింది, తాగుతోంది కదా అని మేము మురిసిపోయాం. తెల్లవారేసరికి విరేచనాలు తగ్గకపోగా ఎక్కువయ్యాయి, కళ్లు లోతుకు పోయాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకుని పరుగెత్తితే, డాక్టరమ్మ నా సంచిలోని ఖాళీ పెట్టెను తీసుకుని, వెనక్కి తిప్పి, ఒక చోట వేలు పెట్టి చూపించారు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ మిశ్రమం కాదన్న సంగతి అక్కడ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ముందు వైపున ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు మాత్రం బొటనవేలంత ఉన్నాయి.

ఆ రోజు ఇంటికి వచ్చాక లెక్క వేసి చూశాను. నేను కొన్న పానీయంలో వంద మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర ఉన్నట్లు దాని మీదే రాసి ఉంది, అంటే 200 మిల్లీలీటర్ల పెట్టె ఒక్కటి తాగిస్తే నాలుగు చెంచాలకు మించిన చక్కెర పట్టించినట్లు. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. ఈ కొలతలు ఎవరో ఉజ్జాయింపుగా వేసినవి కావు. విరేచనాల్లో పేగు పొర మిగతా పనుల్లో తడబడినా, గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్లే దారి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, వాటి వెంట నీరు కూడా వెళుతుంది. ఉప్పుకు గ్లూకోజు సరైన పాళ్లలో తోడుంటేనే ఆ దారి పనికివస్తుంది. చక్కెర మోతాదు మించితే కథ అడ్డం తిరిగి, ఒంట్లోని నీటినే అది పేగులోకి లాగుతుంది. ఉన్న నీటిని నిలబెట్టడానికి ఇచ్చినదే ఉన్న నీటిని బయటికి పంపుతుందన్నమాట. నా మనవరాలికి ఆ రాత్రి జరిగింది అదేనని డాక్టరమ్మ చెప్పారు.

ఈ పొడి విలువ ఎంతటిదో నా పాఠాల్లో నేను ఏనాడూ సరిగా చెప్పలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, సిరల ద్వారా ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, కలకత్తా వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాల్లో నింపి నోటి ద్వారా తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. 2022లో ఆయన కన్నుమూశాక, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. అంత మహత్తరమైన మందు నేడు ఒక లీటరుకు సరిపడేది మా ఊళ్లో 22 రూపాయలకు దొరుకుతోంది. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. అదే లీటరుకు లెక్క కడితే నేను ఆ రాత్రి పెట్టినది 175 రూపాయలు. చవకైనది కనుక పనిచేయదేమోనన్న అనుమానం, ఖరీదైనది కనుక మంచిదన్న నమ్మకం మధ్యతరగతి ఇళ్లలో ఎంత బలంగా పాతుకుపోయాయో నన్ను చూస్తే తెలుస్తుంది.

ఈ అన్యాయంపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఒకసారి ఆ పేరు వాడకంపై నిషేధం వచ్చింది. కానీ అదే ఏడాది జులైలో, వెనుక ఒక హెచ్చరిక ముద్రిస్తే చాలునన్న సడలింపు ఇచ్చారు. నా చేతికి వచ్చిన పెట్టె ఆ సడలింపు పుణ్యమే. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపులను ఉపసంహరించుకున్నారు. తయారీదారులు కోర్టుకు వెళ్లినా ఆ నెలాఖరున ఢిల్లీ హైకోర్టు ప్రజారోగ్యం దృష్ట్యా జోక్యానికి నిరాకరించింది. ఒక పెద్ద వ్యవస్థను ఒక వైద్యురాలు కదిలించడం మనకు గర్వకారణమే గాని, పిల్లల ప్రాణానికి సంబంధించిన ఇంత చిన్న సంగతికి అన్నేళ్లు పట్టడం గర్వించదగినది కాదు.

అయితే ఆ ఆదేశం తీసేయమన్నది పేరును మాత్రమే, పానీయాన్ని అమ్మవద్దని ఎవరూ అనలేదు. అదే రంగు, అదే రుచి, అదే చక్కెర ఇంకో పేరుతో అదే అరలో ఉండవచ్చు. జ్వరమో, నీరసమో అనగానే ‘ఒంటికి శక్తి’ అంటూ చుట్టాలు తెచ్చేది ఆ పెట్టెలనే. ఎండాకాలంలో వడదెబ్బ భయంతో మధుమేహమున్న పెద్దలు కూడా వాటినే రోజుకు రెండు చొప్పున తాగడం నేను చూస్తున్నాను. నిరుడు ఉపాధి హామీ పనికి వెళ్లివచ్చే మా ఇంటి పనిమనిషికి పని దగ్గర ఇచ్చిన ఓఆర్‌ఎస్ పొట్లం కొంగున కట్టి ఉండగా, ఆమె తన కూలి డబ్బులో ముప్పై అయిదు పెట్టి పెట్టె కొనుక్కుంది. అడిగితే, “పొట్లంది ఉప్పగా ఉంటదమ్మా, దాంట్లో ఏం బలముంటది?” అంది. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

పొట్లం తెచ్చుకున్నవారు కూడా దాన్ని కలిపే తీరులో పొరపాటు పడుతున్నారు. పెద్ద పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో సగం వేసి, మిగతాది మడిచి అటక మీద పెట్టడం చాలా ఇళ్లలో ఉంది. కొలత తప్పితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. పొట్లం మీద లీటరని ఉంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే మిగిలినది పారబోయాలి, అందులో పాలు, పండ్లరసం, అదనపు చక్కెర ఏవీ చేర్చకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు వరకు, అంతకంటే పెద్ద పిల్లలకు దానికి రెట్టింపు, చెంచాతో మెల్లగా పట్టాలి. తల్లిపాలు గాని, మెత్తటి అన్నం గాని మానకూడదు. మా మనవరాలికి పొట్లాలతో పాటు 14 రోజులు వేయమని జింకు మాత్రలు కూడా ఇచ్చారు, విరేచనాలు మూడో రోజుకే తగ్గినా గడువు పూర్తయ్యేదాకా వేశాం. పిల్ల మగతగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీ పత్రిక ద్వారా అధికారులకు రెండు మనవులు. పెట్టె వెనుక వైపున ఉండే చక్కెర వివరాలు, హెచ్చరికలు మన రాష్ట్రాల్లో అమ్మే సరుకు మీదనైనా తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు చదవగలిగిన నాలాంటివారే అటు తిప్పి చూడనప్పుడు, చదవలేనివారికి అది ఉన్నా లేనట్లే. రెండవది, ప్రతి మందుల దుకాణంలో అసలైన ఓఆర్‌ఎస్ పొట్లాలు కొనుగోలుదారుకు ఎదురుగా కనిపించాలని ఔషధ నియంత్రణ అధికారులు చెప్పాలి. పోయిన వారం మా వీధి దుకాణానికి వెళ్లి పొట్లం కావాలని అడిగాను. ఆ కుర్రవాడు కింది సొరుగు లాగి, దగ్గుమందు సీసాల వెనక వెతికి, దుమ్ము దులిపి ఇచ్చాడు. రంగురంగుల పెట్టెలు మాత్రం ఇంకా బల్ల మీదే, పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి