ట్యాంకర్ అన్నకు, ఇంకా చాలామందికి

అందరికీ నమస్కారం.

మన కాలనీ పార్కులో పూడిపోయిన పాత బావిని బాగుచేసే పని అయిపోయింది. నిన్న రాత్రి వానకు నలభై ఇళ్ల డాబాల మీది నీళ్లు పైపుల్లోంచి ఫిల్టర్ గుంటల్లోకి, అక్కణ్నుంచి బావిలోకి దిగాయి. గ్రూపులో వీడియోలు చూసే ఉంటారు. ఎక్కడ పైపు ఊడుతుందో, ఏ గుంట పొంగుతుందో అని తెల్లారేదాకా గొడుగులేసుకుని తిరిగాం. నిద్ర లేదు, ఒళ్లు హూనమైంది, గొంతు పూర్తిగా పోయింది. తీరిగ్గా రాద్దామంటే సగం మర్చిపోతానని ఇప్పుడే కూర్చున్నా. చాలామంది తమ పేరు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరికి వారికి తెలుసు.

మా ఆయన, పిల్లలు, అత్తయ్య. మీకు వేరే చెప్పేదేముంది? రెండు నెలలు పచ్చడి మెతుకులతో సర్దుకున్నారు. సరే.

కాలనీ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మాది హైదరాబాద్ శివారు, అమీన్‌పూర్ వైపు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమని గుర్తింపు వచ్చింది. నగరంలో ఉన్న చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. అంత పేరున్న చెరువుకు కూతవేటు దూరంలో ఉంటూ మేము మాత్రం మార్చి వస్తే చాలు ట్యాంకర్ నంబర్లు వెతుక్కుంటాం. వానాకాలంలో అదే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. 2020 అక్టోబరు వానలకు మా వెనక వీధిలో కార్లు తేలాయి. ఆ నీళ్లన్నీ కాలువ పట్టి పోయాయి, ఎండాకాలానికి మళ్లీ ట్యాంకర్లే. వానలు మునుపటిలా నాలుగు నెలలు నిదానంగా పడటం లేదు, రెండు గంటల్లో కుమ్మరించి పోతున్నాయి. సిమెంటు రోడ్ల మీద పడ్డ నీళ్లు భూమిలోకి దిగే దారేది?

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తా.

ఆయన మన కాలనీ మనిషి కాదు. మన సంపులు నింపే ప్రైవేటు ట్యాంకర్ డ్రైవర్. పేరు బయటికొస్తే ఓనరు పనిలోంచి తీసేస్తాడట, అందుకని రాయను. ట్యాంకర్ అన్న అంటే అందరికీ తెలిసిపోతుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా సంపులో పైపు వేసి నిలబడ్డాడు. నేనూ పక్కింటావిడా బోరు గురించి మాట్లాడుకుంటున్నాం. వెయ్యి అడుగులు వేసినా దుమ్మే లేచింది కదా, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూపించే ఆయన్ని ఇంకోసారి పిలుద్దామా అని. ఆయన పైపు సర్దుకుంటూనే, “గా పార్కుల బాయి పెట్టుకొని మల్ల బోరేంది మేడమ్?” అన్నాడు.

పార్కులో బావేంటి? మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

సంపు నిండేలోపు తీసుకెళ్లి చూపించాడు. పార్కు మూల తుమ్మచెట్ల కింద అందరం చెత్త పడేసే చోటు. కాలితో కవర్లన్నీ పక్కకు నెట్టాడు. కింద ఒక బండరాయి అంచు కనిపించింది. దాని మీద నున్నగా అరిగిన గాడి. “మోకు రాసుకొని పడ్డది. మా నాయిన గీ బాయి మీదనే మోట గొట్టిండు, పటేలు కాడ జీతముండె,” అంటూ ఆ గాడిలో బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి గీశాడు. నాకు ఒళ్లు జలదరించింది. 2022లో బన్సీలాల్‌పేట మెట్లబావి బాగుచేసి తెరిస్తే పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగొచ్చినవాళ్లం మేము. మన పార్కులో బావి ఉందని చెప్పడానికి మాత్రం ట్యాంకర్ డ్రైవర్ రావాల్సొచ్చింది.

తర్వాత మీటింగులు, చందాలు, గొడవలు. అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. పైన పేరుకున్న చెత్త తీసి, క్రేను దింపి పూడిక లాగడం మొదలుపెట్టాం. కొంత లోతు దాకా బాగానే సాగింది. రెండు రోజులు వానపడి పని ఆగింది. మళ్లీ మొదలుపెట్టిన పొద్దున, కూలీల్లో ఒక కుర్రాడు నడుముకు తాడు కట్టుకుని దిగడానికి రెడీ అయ్యాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అప్పుడే ట్యాంకర్ అన్న వేరే ఇంటికి నీళ్లు తెచ్చి, బండి ఆపి పరుగున వచ్చాడు. “ఆగు రా! దీపం పెట్టి చూసిన్రా?” అని అరిచాడు. ఎవరూ చూడలేదు. బకెట్లో దీపం వెలిగించి తాడుతో దింపాడు. అందరం అంచున వంగి చూస్తున్నాం. సగం దూరం పోయిందో లేదో, దీపం ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. పైకి లాగి, వెలిగించి మళ్లీ దింపాడు. మళ్లీ అక్కడికి రాగానే ఆరింది.

ఆ కుర్రాడు నడుముకు కట్టిన తాడు తనే విప్పుకుని పక్కన కూలబడ్డాడు. లోపల గాలి లేదు. దిగి ఉంటే రెండు నిమిషాలు పట్టేది కాదు, వాణ్ని తీయడానికి ఇంకొకడు దిగేవాడు. పాత బావుల్లో, సంపుల్లో ఒకరి వెనక ఒకరు పోయారని ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉంటాం కదా.

అన్న ఎవరికో ఫోన్ చేసి బోర్లు ఫ్లషింగ్ చేసే కంప్రెషర్ బండిని పిలిపించాడు. సాయంత్రం దాకా లోపలికి గాలి కొట్టించాడు. ఆరోజు తన ట్రిప్పులన్నీ మానుకున్నాడు. ఏప్రిల్, మే అంటే వాళ్లకు సీజన్, ఒక్కో ట్రిప్పుకు వచ్చే బత్తా మీదే ఇల్లు నడవాలి. (ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు ఒక మాట. దీపం పాతకాలం పద్ధతి. లోపల మండే గ్యాస్ ఉంటే దీపమే ప్రమాదం. మన మూడో లైన్‌లో ఫార్మా కంపెనీ సేఫ్టీ విభాగంలో చేసే తమ్ముడు మర్నాటి నుంచి గ్యాస్ మీటరు తెచ్చి, అది సరేనంటేనే మనిషిని దింపనిచ్చాడు. తమ్ముడూ, నీకు చాలా చాలా థ్యాంక్స్.)

ఆ సాయంత్రం కవర్లో కొంత డబ్బు పెట్టి అన్న చేతికి ఇవ్వబోయాను. తీసుకోలేదు. నాలో ఎప్పట్నుంచో ఉన్న అనుమానం అప్పుడు అడిగేశాను. “అన్నా, ఈ బావి బాగుపడితే నీ గిరాకీ పోతుంది కదా, నీకెందుకింత తాపత్రయం?” అని.

“గిరాకి పోతె పోనియ్ మేడమ్. మీకు పోసే నీళ్లు యాడియి? మా ఊరియే. పొలాల కాడ బోర్లు గుంజి గుంజి నింపుతున్నరు. మా ఇంటి బోరు పోయినేడే ఎండింది. మా ఇంటామె నాలుగు బిందెలకు పక్కింటోళ్ల కాళ్లు మొక్కవట్టె. నేను దినాం మీ సంపులు నింపిపోత.”

కోపంగా అనలేదు. బీడీ వెలిగించుకుంటూ, మామూలుగా ఊరి కబురు చెప్పినట్టు చెప్పాడు. నాకు నోట మాట రాలేదు. ఏదో పనున్నట్టు ఇంట్లోకి వచ్చి బాత్రూంలో కుళాయి తిప్పాను, ఏడుపు బయటికి వినపడకూడదని. తిప్పాక గుర్తొచ్చింది, ఆ కుళాయిలో వస్తున్నది ఆయన పోసిన నీళ్లే. వెంటనే కట్టేశాను. ఇన్నేళ్లుగా ట్యాంకర్ లేటైతే ఫోన్ చేసి అరిచేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

అడుగు నుంచి బురద నీళ్లు తోడాల్సి వచ్చినప్పుడు కూడా తన డీజిల్ మోటారే తెచ్చాడు. డీజిల్ డబ్బులు మాత్రం బలవంతంగా ఇచ్చాం.

ఇక పాలమూరు నుంచి వచ్చిన మట్టిపని వాళ్లు. మేస్త్రి, ఆయన భార్య, మిగతా జంటలు. ఆ ఎండల్లో ఆ బురద తీయడం మాటలు కాదు. ఏమేం వచ్చాయో చెబితే సిగ్గేస్తుంది. వినాయకుడి విగ్రహాల ఇనుప చువ్వలు, ఎవరో ఇల్లు రిపేరు చేయించుకుని పడేసిన కమోడ్, హెల్మెట్లు, లెక్కలేనన్ని డైపర్లు. డైపర్లు వచ్చిన రోజు మేస్త్రి భార్య మనవైపు చూసిన చూపు నేను మర్చిపోను. వాళ్లకు ఒప్పుకున్న కూలి కంటే కొంచెం ఎక్కువే ఇచ్చాం. అయినా తక్కువే.

వాన నీళ్ల లెక్క వివరించిన మా రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారికి నమస్కారం. చందా ఇవ్వనివాళ్లలో సగం మంది ఆయన లెక్క విన్నాకే దారికొచ్చారు. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 150 గజాల డాబా అంటే 125 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అంటే ఒక్క డాబా మీదే లక్ష లీటర్లు. తడిసీ ఆరీ ఐదో వంతు పోయినా 80 వేలు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. “పదహారు ట్యాంకర్లు మోరీలో పోసి, పదహారు ట్యాంకర్లు కొనుక్కుంటున్నారు” అని మాస్టారు బోర్డు మీద రాసి చూపించారు. మనది రాతినేల, పైనున్న మొరం పొరలో నిలిచే నీళ్లే కింది పగుళ్లలోకి మెల్లగా దిగుతాయి, పై పొర ఎండిపోతే వెయ్యి అడుగులకు పోయినా దుమ్మే అని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట బోరు వేయించే ముందు ఎవరూ చెప్పలేదు, బోరు బండి వాళ్లు చెప్పరు కదా.

రాయొద్దనుకున్నా కానీ రాయకపోతే నిద్ర పట్టదు. ఒక ఆఫీసుకు వెళ్లి బావి పూడిక తీసుకుంటామని అర్జీ పెట్టాం. మా ప్రాణాలు, మా డబ్బు, వాళ్లు పైసా ఇవ్వక్కర్లేదు. పార్కు మాది కాదు, ఫలానా ఆఫీసుకు పొండి అన్నారు. అక్కడికి పోతే రికార్డుల్లో బావే లేదు, లేని బావికి పర్మిషన్ ఎలా ఇస్తామన్నారు. పాత గ్రామ నక్షా తీయిస్తే అందులో గుండ్రంగా బావి గుర్తు ఉంది. చూపించాం. అప్పుడు అదే సారు, ఉన్న బావిలో ఎవరైనా పడితే పూర్తి బాధ్యత మాదేనని మాతోనే రాయించుకున్నారు! ఇల్లు కట్టేటప్పుడు ఇంకుడు గుంట తప్పనిసరి అని కాగితాల మీద ఉంటుంది. మా కాలనీలో ఎన్ని ఇళ్లకు గుంట ఉందో చూడ్డానికి ఇన్నేళ్లలో ఎవరూ రాలేదు. భూమి, నీరు, చెట్టు కోసమని 2002లో వాల్టా చట్టం తెచ్చుకున్నాం. అది ఇంకా ఉందనే అనుకుంటున్నా. ఈరోజు పొద్దున ఫోన్ వచ్చింది. రిపోర్టులో పెట్టుకోవడానికి పూడిక తీయకముందు, తీశాక ఫొటోలు పంపమని. పంపలేదు.

పోనీ, మంచి రోజు ఎందుకు చెడగొట్టుకోవడం.

మర్చిపోయినవాళ్లు, గబగబా: పైపులకు కమీషన్ వేసుకోకుండా సామాన్లు ఇప్పించిన హార్డ్‌వేర్ షాపు అన్న. ఫిల్టర్ గుంటలకు కంకర, ఇసుక దింపి డబ్బుల కోసం ఇంకా ఫోన్ చేయని సప్లయర్ (సోమవారం ఇచ్చేస్తాం). కూలీలకు రోజూ మజ్జిగ పంపిన ఐదో లైన్ అత్తయ్యలు. నక్షా వెతికిపెట్టిన పాత ఊరి తాతగారు, ఆయన్ని ముందే రాయాల్సింది. వెల్డింగ్ చేసి బావికి జాలీ బిగించిన కుర్రాళ్లు. రాత్రి వానలో మాతోపాటు తిరిగిన వాచ్‌మన్, ఆయన భార్య. కంప్రెషర్ బండి ఆయన, చూడండి, ఆయన్నే మర్చిపోయా.

కొన్ని పనికొచ్చే ముక్కలు. బావి నీళ్లు తాగడానికి కాదు, టెస్ట్ రిపోర్టు వచ్చేదాకా చెట్లకూ ఇల్లు కడగడానికీ మాత్రమే. సీజన్లో మొదటి వాన నీళ్లు బావిలోకి వదలొద్దు, డాబా మీది దుమ్మంతా దిగుతుంది, వాల్వ్ తిప్పి బయటికి పోనివ్వండి. డాబా మీద పావురాలకు గింజలు వేసేవాళ్లు దయచేసి ఆపండి. పైపు ఇంకా కలపని ఇళ్లవాళ్లు ఆదివారం లోపు చెప్పండి, ప్లంబర్ ఒక్కసారే వస్తాడు.

ట్యాంకర్ అన్న వాళ్ల ఊళ్లో కూడా ఒక పాత బావి ఉందట, పూడిపోయి. అక్కడికి మనం పోవాలి. మాస్టారు, సేఫ్టీ తమ్ముడు ఒప్పుకున్నారు. చందా పుస్తకం మళ్లీ తెరుస్తున్నా, ఈసారి “మా బోరు నడుస్తోంది కదా” అంటే ఊరుకోను.

ఇంకొకటి. మేస్త్రి వాళ్లకని ఎవరో మా గేటు దగ్గర బియ్యం బస్తా పెట్టి వెళ్లారు. ఎవరో చెప్పలేదు. ఎవరైనా సరే, దండం.