బఫేలో మారు వడ్డన – ఎంగిలి చేతి గరిటె

సంపాదకులకు,

శ్రావణ ముహూర్తాలు వస్తున్నాయి. వానాకాలం టైఫాయిడ్, పచ్చకామెర్లకూ ఇదే అదను. ఫంక్షన్ హాళ్లలో భోజనాల ఏర్పాటు గురించి కొన్ని మాటలు.

ఎంగిలి పట్టింపు మనకు కొత్త కాదు. చెంబు పెదవికి ఆనకుండా ఎత్తి తాగుతాం, కొరికింది ఇంకొకరికి పెట్టం. బంతి భోజనంలో తినేవాళ్ల చెయ్యి గరిటెకు తగిలే అవకాశమే లేదు. బఫే వచ్చాక ఆ కట్టు తెగింది. మారు వడ్డించుకోవడానికి వచ్చినవారి ఎడమ చేతిలో ప్లేటు, కుడి చెయ్యి ఎంగిలి. ప్లేటు ఆనించే చోటు ఉండదు. పైగా ఎడమ చేత్తో గరిటె పట్టడం మర్యాద కాదాయె! అందుకే సాంబారు అంటిన వేళ్లతోనే కాడ పట్టుకుంటారు. వెనకున్నవారు అదే కాడ పట్టుకుని, ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటారు. కాడ పొట్టిదైతే గరిటె జారి కూరలో మునుగుతుంది. దాన్ని పైకి తీసి, తుడిచి, మళ్లీ అందులోనే వేస్తారు.

ప్రతి పాత్ర దగ్గరా వడ్డించే మనిషి ఉంటే ఈ బెడద సగం తీరుతుంది. గ్లవుజులు తొడిగితే చాలనుకోవద్దు. ఆ చేత్తోనే ఫోను తీస్తే తొడిగినా తొడగనట్టే. మనుషులు చాలకపోతే పాత్రల ముందు ప్లేటు ఆనించుకునేందుకు జానెడు వెడల్పు చెక్క బిగించాలి. అప్పుడు ఎడమ చెయ్యి ఖాళీ అవుతుంది. మర్యాద మాట ఎలా ఉన్నా, ఆ సమయానికి శుభ్రంగా ఉన్నది అదే. గరిటె కాడ పాత్ర లోతు కన్నా బెత్తెడు పొడుగుండాలి. గరిటెలు రెండు జతలు పెట్టుకుని అరగంటకోసారి మార్చాలి.

ఇక చేతులు కడిగే చోటు. చాలా హాళ్లలో కుళాయిలు తిన్నాక బయటికి వచ్చే దారిలో ఉంటాయి. అంటే తినకముందు కడుక్కోవడం మన లెక్కలో లేదన్నమాట. సబ్బు సీసాలో అడుగున కొంత ఉండగానే నీళ్లు కలిపి పైనుంచి నింపుతారు. అలా నింపిన సబ్బునీళ్లలోనే క్రిములు పెరుగుతాయి. సీసా ఖాళీ అయ్యాక కడిగి, ఆరబెట్టి నింపాలి. నురగతో కనీసం 20 సెకన్లు రుద్దాలి. జనం అరచేతులు రెండుసార్లు రాసి వదిలేస్తారు. మనం తినేది వేళ్ల కొసలతో. బొటనవేలు, గోళ్ల సందులు, ఉంగరం కింద చర్మం వదిలేస్తే ఏం లాభం? గోళ్లను రెండో అరచేతిలో గీరినట్టు రుద్దితే సరిపోతుంది. పక్కన వేలాడే ఉమ్మడి తువ్వాలు మాత్రం తీసేయాలి. కాగితపు న్యాప్కిన్ లేకపోతే గాలికి ఆరనివ్వడమే మేలు.

గుమ్మంలో శానిటైజర్ పెట్టి చేతులు దులుపుకునే హాళ్లూ ఉన్నాయి. అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉన్నా, జిడ్డు, మట్టి ఉన్న చేతుల మీద సరిగా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి సులభంగా లొంగదు. సబ్బు, పారే నీళ్లు కలిసి క్రిముల్ని చర్మం నుంచి ఊడదీసి తీసుకుపోతాయి.

వంటశాల సంగతి ఇంకా ముఖ్యం. హెపటైటిస్-ఎ కామెర్లు కళ్లు పచ్చబడక ముందు వారం, రెండు వారాల్లోనే ఎక్కువగా అంటుకుంటాయి. వంటమనిషిని చూసి పోల్చలేం. తిన్నవారికి 15 నుంచి 50 రోజుల తర్వాత లక్షణాలు బయటపడతాయి. పెళ్లి ఆల్బమ్ చేతికొచ్చే వేళకు వచ్చిన జ్వరాన్ని ఆ భోజనంతో ముడిపెట్టేదెవరు? వాంతులు, విరేచనాలు పట్టినవారిని అవి తగ్గాక 48 గంటల దాకా వంట దగ్గరికి రానివ్వకూడదు. వేలికి చీముపట్టిన గాయం ఉన్నా అంతే. అలాంటి గాయాల్లో ఉండే స్టఫైలోకాకస్ అనే క్రిమి వదిలే విషం ఆహారంలో చేరితే మళ్లీ మరిగించినా పోదు.

ఆహారం ముట్టుకునే సిబ్బందికి ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ వంటి జబ్బులకు టీకా ఉండాలని ఆహార భద్రతా నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. క్యాటరింగ్ మాట్లాడుకునేవారు ఐటమ్‌ల జాబితాతో పాటు ఆ పత్రాలూ అడగాలి. హాళ్లకు అనుమతులిచ్చే మున్సిపాలిటీలు భోజనశాల గుమ్మం దగ్గర సబ్బుతో కూడిన కుళాయి ఉందో లేదో చూసి సంతకం పెట్టాలి.

– ప్రజారోగ్య రంగంలో పనిచేస్తున్న పాఠకులు, గుంటూరు