పరిష్కారం కాకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

విజయవాడ,
సత్యనారాయణపురం.

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ దానంతట అదే మారిపోతోందని ఇచ్చిన ఫిర్యాదును చదవకుండానే మూసేయడం.

అయ్యా,

“మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?” అని నిన్న మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అది వచ్చినప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఆరున్నర. మీ ల్యాప్‌టాప్‌లో ఉదయం ఆరు. పరిష్కారమైందని ఎవరు చూసి తేల్చారు? నన్నొక మాట అడగకుండా ఎలా మూసేశారు? ఈ లేఖ రాస్తున్నది ఆ మెసేజ్ వల్లే. అది రాకపోతే ఇంకొన్నాళ్లు ఓపిక పట్టేదాన్నేమో.

నేను కర్ణాటక సంగీతం టీచర్ని. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో సగం మంది పైగా అమెరికా, ఇంగ్లండుల్లో ఉన్నారు. నా ఉద్యోగమంతా టైమ్ మీదే నడుస్తుంది. న్యూజెర్సీ పాపకు శనివారం రాత్రి ఏడున్నరకు పాఠం. వాళ్లకు డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుకునే పద్ధతి) ఉన్న నెలల్లో అది నాకు ఆదివారం ఉదయం 5 గంటలు, లేని నెలల్లో 6 గంటలు. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. లండన్ పిల్లలకు ఆ మార్పు మార్చి చివరి ఆదివారం, మళ్లీ అక్టోబరు చివరి ఆదివారం. ఫీనిక్స్‌లో ఉన్న అబ్బాయికి ఏ మార్పూ లేదు, ఏడాది పొడుగునా నాకు ఉదయం ఆరున్నరే. ఇవన్నీ నేను నేర్చుకుని, రాసిపెట్టుకుని, ఒక్క పిల్లకీ పాఠం తప్పకుండా నడుపుకుంటూ వచ్చాను. పాత ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ ఈ గొడవే లేదు. అదీ మీదే.

కొత్తది మీ సొంత వెబ్‌సైట్‌లోనే కొన్నాను. మీ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి మెషీన్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ, నేను పెట్టుకున్న “చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ” అనే మన టైమ్ జోన్ పోయి అమెరికా పసిఫిక్ టైమ్ వచ్చి కూర్చుంటుంది. మొదట్లో నాకు తెలియలేదు. క్యాలెండర్‌లో ఆదివారం ఉదయం 5 అని వేసి లింకులు పంపాను. అవి పసిఫిక్ టైమ్ ప్రకారం వెళ్లాయి, న్యూజెర్సీలో ఆదివారం ఉదయం 8 గంటలకు పడ్డాయి. టైమ్ జోన్ సరిచేస్తే, అప్పటికే వేసిన క్లాసులన్నీ పక్కకు జరిగి సాయంత్రం ఐదున్నరకు చేరాయి. ఒక్కొక్కటీ చెరిపి మళ్లీ వేసుకున్నాను. ఒక తల్లి “పాపను కూర్చోబెట్టి ఎదురుచూశామండీ, మీరు రాలేదు” అని రాసింది. ఇన్నేళ్లలో నాతో ఎవరూ అనని మాట అది.

సరే, వస్తువన్నాక లోపం రావచ్చు. అందుకు నాకు కోపం లేదు. దాని గురించి చెప్పుకుందామని మీ దగ్గరికి వస్తే జరిగిందేమిటో వినండి.

ముందు మీ చాట్‌లోకి వెళ్లాను. మెషీన్ జవాబులు తప్ప మనిషి రాలేదు. “టైమ్ తప్పుగా ఉంది” అని రాసిన ప్రతిసారీ వారంటీ పొడిగించుకునే పేజీ పంపింది. తర్వాత ఫోన్. భాష ఎంచుకోమంటే తెలుగు నొక్కాను, హిందీ అబ్బాయి కలిశాడు. వచ్చీరాని హిందీలో అంతా చెప్పాను. విని, “మేడమ్, మీ ఏరియాలో డేలైట్ సేవింగ్ నడుస్తోందా?” అని అడిగాడు. మన దేశంలో అది లేదు బాబూ, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కొన్నాళ్లు గంట ముందుకు జరిపారు, ఇప్పుడు ఆ పద్ధతే లేదు, దేశమంతటికీ ఒకటే టైమ్, ఆ లెక్క కట్టే రేఖాంశం మా కాకినాడ దగ్గర్నుంచే పోతుంది అని చెప్పాను. అయినా డేలైట్ సేవింగ్ ఆఫ్ చేయమన్నాడు. మన టైమ్ జోన్ పెడితే ఆ బటన్ పనిచేయదు, నొక్కడానికే రాదు. అది నొక్కడానికి వస్తోందంటేనే మెషీన్ అమెరికా టైమ్‌లో ఉందని అర్థం. ఈ మాట కస్టమర్ చెప్పాల్సి వచ్చింది, మీ మనిషికి తెలియలేదు. చెప్పాక కూడా వినకుండా మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్లాడు.

ఇంకోసారి కలిసిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ ఆమె ఇచ్చిన సలహా అన్నిటికంటే చేటు చేసింది. టైమ్ జోన్ జోలికి వెళ్లొద్దు, గంటలు చేత్తో మార్చేసుకోండి అంది. మార్చాను. స్క్రీన్ మీద టైమ్ సరిగ్గా కనిపించింది, లోపల లెక్కంతా తప్పింది. ఆ రోజు నేను పంపిన మెయిల్ న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదికి చేరితే, ఇంకా రాని ఆ రాత్రి తొమ్మిదిన్నరకు పంపినట్టు చూపించింది. ఆ తల్లి కంగారుపడి ఫోన్ చేసింది. మీ సలహా వల్ల నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

బందరు రోడ్డులోని మీ సర్వీస్ సెంటర్ సంగతి చెప్పకపోతే ఈ లేఖ పూర్తి కాదు. ఎండలో ల్యాప్‌టాప్ మోసుకుని వెళ్లి, టోకెన్ తీసుకుని కూర్చున్నాను. కౌంటర్‌లో అబ్బాయి తెరిచి, టైమ్ జోన్ మార్చి, “అయిపోయిందండీ” అన్నాడు. నాయనా, ఈ మాత్రం నాకూ వచ్చు, మళ్లీ ఎందుకు మారుతోందో చూడు అంటే, గడియారాన్ని నడిపే లోపలి బ్యాటరీ పోయుంటుందన్నాడు. బ్యాటరీ పోతే తేదీ, నిమిషాలు అన్నీ గల్లంతవుతాయి. నాకు వస్తున్న తేడా కచ్చితంగా పన్నెండున్నర గంటలు, నిమిషం ఎక్కువ లేదు, తక్కువ లేదు. వాళ్లు గడియారం మార్చుకోని చలికాలంలో అయితే పదమూడున్నర. పాడైన బ్యాటరీకి అమెరికా వాళ్ల డేలైట్ సేవింగ్ తెలుస్తుందా? ఆ అబ్బాయి నా మొహం చూడకుండా, “కంప్లయింట్ మీరు రాసివ్వండి, మెషీన్ వదిలి వెళ్లండి” అన్నాడు. వదిలి వచ్చాను. ఆ రోజుల్లో పాఠాలు ఫోన్‌లో చెప్పాను. ఆ చిన్న స్క్రీన్‌లో పిల్ల తాళం ఎక్కడ తప్పుతోందో చెయ్యి కనిపించదు. మెషీన్ తిరిగొచ్చింది. కాగితం మీద “పరీక్షించాం, లోపం లేదు” అని ఉంది. బ్యాటరీ మార్చలేదు, ఫోన్ చేసి నన్ను ఒక్క ముక్క అడగలేదు. నేను రాసిచ్చిన కాగితం మడత కూడా విప్పకుండా ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది.

నాకు కడుపు మండింది అక్కడే. ఎందుకంటే ఆ కాగితంలో కారణం ఉంది. మీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినట్టు చూపిస్తున్న స్క్రీన్, రీస్టార్ట్ అయ్యాక పసిఫిక్ టైమ్ వచ్చిన స్క్రీన్, రెండూ ఫొటోలు తీసి మెయిల్ చేశాననీ, వాటిని చూడమనీ అందులో రాశాను. మీ ఇంజినీర్లు చేయాల్సిన పని నేను చేసి మీ చేతికిచ్చాను. ఆ మెయిల్‌కి వచ్చిన జవాబు, మెషీన్ మొత్తం ఫార్మాట్ చేసుకోమని. పాఠాల రికార్డింగులన్నీ చెరిపేసుకోవాలా? కుళాయి కారుతోందంటే ఇల్లు కూల్చుకోమన్నట్టుంది. ఫార్మాట్ చేసినా మీ సాఫ్ట్‌వేర్ మళ్లీ అందులోనే ఉంటుంది కదా? అదే అడుగుతూ రాశాను. దానికి జవాబు రాలేదు, పైన చెప్పిన స్టార్ల మెసేజ్ వచ్చింది.

మా ఇంట్లో మీ కంపెనీ తప్ప వేరే మెషీన్ లేదు. మా తమ్ముడి చేత కొనిపించాను, గుంటూరులో మా ఆడపడుచు కూతురు ఇంజినీరింగ్‌లో చేరితే మీదే కొనమన్నాను. నా దగ్గరికొచ్చే పిల్లల తల్లిదండ్రులు ఏది మంచిదని అడిగితే మీ పేరే చెప్పాను. ఎవరూ నాకు కమిషన్ ఇవ్వలేదు, నమ్మి చెప్పాను. ఇప్పుడు వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

మీ మెషీన్ వాపసు తీసుకోమని నేను అనడం లేదు, ఇంకా అంతవరకు రాలేదు. మూసేసిన ఫిర్యాదును మళ్లీ తెరవండి. టైమ్ జోన్‌ను మీ సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండా సరిచేసి, సరిచేశామని కాగితం మీద రాసివ్వండి. దానికంటే ముందు, పేరు, హోదా ఉన్న ఒక మనిషి తెలుగులో నాకు ఫోన్ చేసి, మొత్తం వినాలి. మధ్యలో రీస్టార్ట్ చేయమనకూడదు. తప్పు జరిగిందని ఒక మాట అనాలి. నేను పోగొట్టుకున్న పాఠాల సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలనీ, నెలలోపు పరిష్కరించాలనీ 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల్లో ఉంది. రెండు గడువులూ మీరు దాటేశారు. వారం చూస్తాను. తర్వాత 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు లేదు, లాయరు కూడా అక్కర్లేదు. మీ వాళ్లు విజయవాడ రావాల్సి ఉంటుంది. విప్పని నా కాగితం, “లోపం లేదు” అన్న మీ కాగితం రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
సంగీతం టీచర్,
సత్యనారాయణపురం, విజయవాడ.

జతచేసినవి: బిల్లు కాపీ, సర్వీస్ సెంటర్ రసీదు, రెండు స్క్రీన్ ఫొటోలు (ఇవి పంపడం ఇది మొదటిసారి కాదు, దయచేసి ఈసారైనా తెరిచి చూడండి).